గడువుగారి గురువారాలు

ఆయనకున్నది ఒకే ఒక్క జబ్బు. మూత ఉన్న వస్తువు ఏది కంటబడినా "ఎప్పుడు తెరిచారు?" అని అడిగి తీరాలి. అడక్కుండా ఆపుకుంటే ఆయనకి ఎక్కిళ్లు వస్తాయని వాళ్లావిడే చెప్పింది.

మందుసీసా, సిరాబుడ్డి, బూటు పాలిష్ డబ్బా, అన్నిటికీ ఒకటే ప్రశ్న. ఒకసారి బస్సులో పక్కసీటు పెద్దమనిషి కళ్లలో చుక్కలు వేసుకోబోతుంటే చెయ్యి పట్టుకున్నారట.

"ఎప్పుడు తెరిచారు?"

"మీరెవరండీ?"

"నేనెవరైతే ఏం లెండి. మూత తీసి నెల దాటిందా?"

"ఏమో. వానలు పడుతున్నప్పుడు అనుకుంటా."

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ పెద్దమనిషి తను దిగాల్సిన చోటుకి రెండు స్టాపుల ముందే దిగిపోయాడు. చుక్కల సీసా మాత్రం ఈయన చేతిలోనే ఉండిపోయింది.

ఇంట్లో టూత్‌పేస్టు మీద, తలనూనె సీసా మీద, గోడకి వేయగా మిగిలిన రంగు డబ్బా మీద కూడా నల్లసిరాతో తేదీ, పక్కన పొట్టి సంతకం ఉండేవి. "మా ఆయనకి పెళ్లిరోజు గుర్తుండదమ్మా. జామ్ సీసా తెరిచిన రోజు మాత్రం వారంతో సహా చెప్తారు" అని వాళ్లావిడ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. ఒకరోజు ఒళ్లు మండి, ఆయన పుట్టినతేదీ రాసిన చీటీని ఆయన చొక్కా జేబు మీదే అంటించి పంపింది. ఆయన సాయంత్రందాకా దాంతోనే తిరిగి ఇంటికొచ్చి, "గడువు ఎప్పటిదాకానో రాయలేదేం?" అన్నారు.

"అది కంపెనీవాడు రాయాలి" అంది ఆవిడ, వేలు ఆకాశం వైపు చూపిస్తూ.

ఆయన ఆసుపత్రి లాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. హాజరుపట్టీలో ఏదో మంచి పేరే ఉంది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ గడువుగారే. రక్తంలో చక్కెర ఎంత, కొవ్వు ఎంత, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయి అని తేల్చే ద్రావణాలు, లాబ్ భాషలో రీఏజెంట్లు, అన్నీ ఆయన ఏలుబడిలో ఉండేవి. ఒక్కో సీసాకి రెండు గడువులు. ఒకటి కంపెనీ అచ్చువేసి పంపేది. రెండోది మూత తీసిన రోజు నుంచి మొదలయ్యేది. ఏది ముందొస్తే అదే ఆఖరు. నెల పేరు మాత్రమే అచ్చై ఉంటే ఆ నెల చివరి రోజుదాకా చెల్లుతుంది. మర్నాడు అదే సీసాతో రోగి రక్తాన్ని పరీక్షిస్తే నిబంధనల ప్రకారం తప్పు. ఆ నిబంధనల పుస్తకం ఎక్కడుందని ఎవరైనా అడిగితే గడువుగారు వేలితో తన కణత మీద కొట్టుకుని చూపించేవారు.

గడువు తీరిన రోజు సాయంత్రం చూడాలి ఆయన్ని. సీసాని రెండు చేతులతో ఫ్రిజ్‌లోంచి తీసి, బల్ల మీద నిలబెట్టి, 'రోగులకు వాడరాదు' అని ఎర్ర కాగితం అంటించేవారు. "బాగా పనిచేశారు. ఇక విశ్రాంతి తీసుకోండి" అని సీసాకే చెప్పేవారు. పారేసేవారు కాదు. వెనక గదిలో ఒక ఇనుప అలమర, దాని పక్కనే మరో పాత ఫ్రిజ్ ఉండేవి. రెంటికీ తాళాలు. తాళంచెవులు ఆయన మెడలో, గుర్తింపు కార్డు పక్కన. దిగిపోయిన సీసాలన్నీ అక్కడికే చేరేవి. అందరూ దాన్ని పెన్షన్ ఆఫీసు అనేవారు.

ఇక పొదుపమ్మ సంగతి. లాబ్‌కి కొత్తగా వచ్చిన ఈ టెక్నీషియన్‌కి ఆ పేరు మొదటి వారంలోనే పడింది. అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అతికించే రకం. షాంపూ సీసాలో నీళ్లు పోసి, గిలకరించి, ఇంకో వారం లాగే రకం. చేతులు చురుకు, మాట ఇంకా చురుకు. ఆమెకి మూడు నెలల పరీక్షాకాలం. ఆఖర్న గడువుగారు "పనికొస్తుంది" అని రాస్తేనే ఉద్యోగం ఖాయం.

"అంటే నా మీద కూడా తేదీ వేసే ఉంచారన్నమాట" అంది మొదటిరోజే.

"మూత తీశాం కదా చెల్లెమ్మా, తొంభై రోజులు" అన్నాడు సూదన్న. వార్డుల్లో తిరిగి రక్తం తీసుకొచ్చే మనిషి అతను. అక్కడ సూదులు, ఇక్కడ మాటలు గుచ్చేవాడు.

పొదుపమ్మని తినేస్తున్న ప్రశ్న ఒక్కటే. తేదీ దాటిన సీసాని నిమిషం కూడా ఉపేక్షించని మనిషి, దాన్ని తాళం వేసి మరీ ఎందుకు దాచుకుంటాడు? దాచుకున్నాడు సరే, ప్రతి గురువారం మధ్యాహ్నం రెండింటికి వెనక గదిలో దూరి, తలుపు వేసుకుని, గంటసేపు ఏం చేస్తాడు?

"ధ్యానం" అన్నాడు సూదన్న.

"సీసాలతోనా?"

"లేకపోతే అమ్ముకుంటున్నాడేమో."

"గడువు తీరినవి ఎవరు కొంటారన్నా?"

"గడువు చూసుకోనివాళ్లు."

డాక్టరమ్మని అడిగింది. లాబ్ మొత్తానికి ఆవిడే పెద్ద. "అది నిబంధనలకి లోబడే జరుగుతోందమ్మా. సంతకం పెట్టింది నేనే. మిగతాది ఆయన్నే అడుగు" అని మైక్రోస్కోపులోకి తల దూర్చేసింది. ఆయన్నే అడిగింది. "నీ చేతిలో ఆ జిగురు సీసా ఎప్పుడు తెరిచావ్?" అన్నారాయన. అంతే.

ఇక లాభం లేదని ఓ గురువారం వెనక గది తలుపు అద్దంలోంచి తొంగిచూసింది. లోపల రోగుల పని మాన్పించిన పాత యంత్రం ఒకటుంది. గడువుగారు ఎర్ర కాగితం సీసా ఒకటి దాంట్లో పెట్టి, కంట్రోల్ నడుపుతున్నారు. కంట్రోల్ అంటే అంకె ముందే తెలిసిన నమూనా. దాని అంకె సరిగ్గా వస్తే సీసాలో దమ్ముందని అర్థం. యంత్రం కాగితం కక్కింది. గడువుగారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, అంకె చూసి, తొడ చరుచుకుని, "ఇంకా ఉన్నావట్రా మొండిఘటం!" అని సీసాని ముద్దుచేశారు. పొడుగాటి పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

పొదుపమ్మ వెంటనే తలుపు తోసింది.

"సార్! గడువు తీరింది ఇంకా పనిచేస్తోందా?"

"దొంగచూపులు చూడకపోతే తలుపు కొట్టొచ్చుగా?"

"పనిచేస్తోందా లేదా?"

"నిక్షేపంలా చేస్తోంది. తేదీ దాటి ఆరు నెలలు."

"మరి రోగులకి వాడొచ్చుగా! ఇంత మంచి సీసా పక్కన పెట్టెయ్యడం ఏంటి సార్?"

"ఈ సీసా పనిచేస్తోంది. దీని తమ్ముడు రెండు నెలలకే చచ్చాడు. ఏది ఎప్పుడు పోతుందో నీకు ముందే తెలుస్తుందా?"

"తెలీదు."

"తేదీ అంటే ఆ రోజు విషమైపోతుందని కాదమ్మా. అప్పటిదాకా మాది పూచీ అని తయారుచేసినవాడు ఇచ్చిన మాట. వాడు మాట ఇచ్చినంతవరకే మనం రోగికి మాట ఇవ్వగలం."

"మరి ఈ పుస్తకం ఎందుకు?"

ఆయన పుస్తకం మూసేశారు. "రెండున్నర అయింది. కొవ్వు పరీక్షలు ఎవరు పెడతారు, సూదన్న వచ్చి పెడతాడా?"

ఆమె పరీక్షాకాలం ఇంకో ఐదు రోజుల్లో పూర్తవుతుందనగా నెలాఖరు వచ్చింది. గడువుగారి అమ్మాయి ఇల్లు మారుతోంది. సామాన్లు మోయడానికి ఆయన రెండు రోజులు సెలవు పెట్టారు. లాబ్ మొత్తం కిటికీలోంచి చూసింది, నిజంగానే వెళ్తున్నారా అని. వెళ్తూ వెళ్తూ పొదుపమ్మతో మూడుసార్లు చెప్పారు. "కిడ్నీ పరీక్ష సీసా ఈ నెలాఖరుతో ఆఖరు. సాయంత్రం తీసెయ్. ఎర్ర కాగితం అంటించు. రేపు పొద్దున్న కొత్తది."

"విశ్రాంతి తీసుకోండి అని కూడా చెప్పాలా సార్?"

"చెప్తే నీ సొమ్మేం పోయింది?"

ఆ సాయంత్రం పని ఊపిరాడనివ్వలేదు. సీసా తియ్యడం మర్నాటికి వాయిదా పడింది. ఒకటో తారీకు పొద్దున్న పాతది తీసి పక్కన పెట్టింది. కొత్తది యంత్రంలో పెట్టి, కంట్రోల్ నడిపింది. అంకె అచ్చుగుద్దినట్టు వచ్చింది. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఈలోగా పక్కనున్న పాత సీసా మీద ఆమె చూపు పడింది. అడుగున రెండు వేళ్ల మందం ద్రావణం మిగిలుంది. బుర్ర ఏమీ అనలేదు, చెయ్యే పనిచేసింది. ఇంట్లో పాత షాంపూని కొత్త సీసాలోకి వంచినట్టే, ఆ రెండు వేళ్ల ద్రావణాన్నీ కొత్త సీసాలోకి వంచేసింది. ఆఖరి చుక్క పడేదాకా దులిపింది కూడా.

ఆపైన ఇరవై ఇద్దరి రక్తాలకి కిడ్నీ పరీక్ష చేసింది. రిపోర్టులు వార్డులకి వెళ్లిపోయాయి.

పన్నెండింటికి బల్ల తుడుస్తుంటే ఖాళీ సీసా చేతికొచ్చింది. ఎర్ర కాగితం అంటిద్దామని తిప్పింది. అచ్చులో ఉన్న నెల పేరు చూసింది. గోడ మీది క్యాలెండర్ చూసింది. మళ్లీ సీసా చూసింది. ఎన్నిసార్లు చూసినా నెల మారలేదు.

"సూదన్నా..."

సంగతి విని సూదన్న తలుపు దగ్గరికి వేసొచ్చాడు. "అది కడిగి చెత్తబుట్టలో పడెయ్. ఒక్కరోజేగా దాటింది? రెండు చుక్కల దానికి ఇరవై రెండు కొంపలు అంటుకోవులే."

"కొన్ని రెండు నెలలకే చస్తాయన్నారుగా ఆయన?"

"ఇది నిన్నటిదే కదా!"

"ఇది ఎప్పుడు చస్తుందో నీకు తెలుసా?"

ఆ ఇరవై ఇద్దరిలో మూడో వార్డు మామ్మ ఒకావిడ ఉంది. ఆమె కిడ్నీ అంకె చూసే ఆ సాయంత్రం మందు ఎంత ఎక్కించాలో డాక్టర్లు తేలుస్తారు. అంకె తప్పైతే మందు తప్పుతుంది. పొదుపమ్మకి ఉద్యోగం గుర్తుకే రాలేదు, మామ్మ జడే గుర్తుకొచ్చింది. పొద్దున్న గొట్టాలు అందుకోడానికి తను వార్డుకి వెళ్లినప్పుడు ఆవిడ సన్నటి జడ ముందుకేసుకుని, సూదన్నని "నెమ్మదిగా గుచ్చరా అబ్బాయ్" అంటూ దబాయించింది.

ముందు డాక్టరమ్మ గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ వెంటనే వార్డులకి ఫోన్ చేసింది. "పొద్దుటి కిడ్నీ రిపోర్టులు ఇరవై రెండూ ఆపండి. మళ్లీ ఇచ్చేదాకా వాటిని చూసి మందు మార్చకండి." తర్వాత పొదుపమ్మ వైపు తిరిగింది. "ఇప్పుడు ఆయనకి నువ్వే ఫోన్ చెయ్."

ఫోన్లో బీరువా ఈడుస్తున్న చప్పుడు, "ఎడమకి, ఎడమకి" అని ఎవరిదో కేక.

"సార్, నేనండీ. కిడ్నీ పరీక్ష సీసా..."

"ఎప్పుడు తెరిచావ్?"

"అది కాదు సార్. కలిపేశాను."

"దేన్ని?"

"పాతదాన్ని. కొత్తదాంట్లో."

బీరువా చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత ఫోన్లో వినిపించింది ఒక్క ఎక్కిలి. "వస్తున్నా."

అరగంటలో వచ్చారు. చొక్కా నిండా దుమ్ము, జేబులో స్క్రూడ్రైవర్, జుట్టులో సాలెగూడు. పొదుపమ్మ తిట్లకి సిద్ధపడి గోడకి ఆనుకుంది. ఆయన ఆమె వంక చూడను కూడా లేదు. సరాసరి వెనక గదిలోకి వెళ్లి, పొడుగు పుస్తకం తెచ్చి, వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పారు.

"ఇదిగో. ఈ కంపెనీ కిడ్నీ ద్రావణం. పదిహేడు సీసాలు చూశాను. త్వరగా పోయింది తేదీ దాటిన నాలుగో నెలలో. మిగతావన్నీ ఇంకా ఎక్కువే బతికాయి. ఒక్కరోజులో పోయింది ఒక్కటీ లేదు." పుస్తకం ఆమె చేతిలో పెట్టారు. "చదువు. నా మాట నమ్మకు, అంకెలు చూడు."

ఆమె చూసింది. ప్రతి సీసాకీ ఓ వరస, ప్రతి వరసలో గురువారాలు, ప్రతి గురువారానికీ ఓ అంకె. పంతొమ్మిదేళ్ల గురువారాలు. చదువుతుంటే మెడ నుంచి ఏదో బరువు దిగినట్టయింది.

"అంటే సార్... వాళ్లకేం కాదు కదా?"

"చాలావరకు కాదు. చాలావరకు అన్నది మనసుకి చెప్పుకునే మాట. రిపోర్టు మీద రాసే మాట కాదు. రెండు తప్పులు ఒకే చేత్తో చేశావ్. గడువు దాటింది వాడటం ఒకటి, రెండు సీసాలు కలపడం ఇంకోటి. రెండూ గడువులో ఉన్నా కలపకూడదు, తెలుసా? పద. కొత్త సీసా తియ్. కంట్రోల్ పెట్టు. ఇరవై రెండూ మళ్లీ."

పొద్దుటి నమూనాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. ఒక్కోటీ తీసి పెడుతుంటే గడువుగారు పక్కనే నిలబడి పాత అంకె చదివారు, ఆమె కొత్త అంకె చదివింది. మొదటిది సరిపోయింది. రెండోది సరిపోయింది. పదో నమూనాకొచ్చేసరికి పొదుపమ్మ గొంతు కాస్త లేచింది. ఇరవై ఒకటీ సరిపోయాయి. ఇరవై రెండో గొట్టంలో నమూనా అడుగంటిపోయింది. అది మూడో వార్డు మామ్మదే.

"సూదన్నా, మళ్లీ తీసుకురా" అన్నారు గడువుగారు.

"మళ్లీనా? ఆవిడ నన్ను చంపేస్తుంది!"

"రెండు చుక్కలకి కొంపలు అంటుకోవన్నావటగా. రెండు మిల్లీలీటర్లకి నిన్నెవరూ చంపరు, వెళ్లు."

సూదన్న పావుగంటకి వచ్చాడు, గొట్టంతోనూ, చెవి రుద్దుకుంటూనూ. మామ్మ చెవి మెలిపెట్టిందట. అంకె వచ్చింది. పొద్దుటిదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా. డాక్టరమ్మ కొత్త రిపోర్టులన్నిటికీ సంతకం చేసి, వార్డులకి ఫోన్ చేసి, పొరపాటుల రిజిస్టరు పొదుపమ్మ ముందుకి తోసింది. ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎవరు చెప్పారు, ఎలా సరిచేశారు. నాలుగు గడుల్లో మూడింట పొదుపమ్మ తన పేరే రాసుకోవాల్సొచ్చింది.

అప్పటికిగానీ ఆమెకి ఉద్యోగం గుర్తురాలేదు. గుర్తొచ్చాక మాత్రం ముక్కు ఎర్రబడింది.

"సార్, ఆ పుస్తకం ఎందుకు మొదలెట్టారు?"

గడువుగారు చొక్కా దుమ్ము దులుపుకున్నారు. "నీ వయసులో నేనూ వెలగబెట్టాన్లే. చక్కెర పరీక్ష సీసా, మూడు రోజులు దాటింది, ముప్పై మంది. వారం తర్వాతగానీ చూసుకోలేదు. అప్పటికి నమూనాలు పారేశారు. మా పెద్దాయన మంచివాడే, తిట్టాడు, రాయించాడు, వదిలేశాడు. కానీ 'వాళ్లకేమన్నా అయ్యుంటుందా?' అని అడిగితే ఎవడూ చెప్పలేకపోయాడమ్మా. తేదీ దాటింది అంటారు తప్ప, దాటితే ఏమైందో ఒక్కడికీ తెలీదు. ఏడాదిపాటు రోడ్డు మీద ఎవరు కళ్లు తిరిగి కూర్చున్నా నా వల్లేనేమో అనుకునేవాణ్ణి. సరే, ఎవరికీ తెలీదు కదా, మనమే తెలుసుకుందాం అనుకున్నా. ఇంకొకరు అడిగినప్పుడు చెప్పడానికి ఉంటుందని."

"ఇప్పటిదాకా ఎంతమంది అడిగారు సార్?"

"నీతో ఏడుగురు. అందులో ఒకరు ఇప్పుడు ఆ గదిలో సంతకాలు పెడుతున్నారు. నేను చెప్పానని అనకు."

పొదుపమ్మ డాక్టరమ్మ గది తలుపు వంక నోరు తెరుచుకుని చూసింది.

ఐదో రోజున ఆయన రాసిన కాగితం వచ్చింది. "తప్పు చేసింది. దాచలేదు. తన చేత్తోనే సరిచేసింది. పనికొస్తుంది. సీసాలు కలపనివ్వకూడదు."

ఆ వచ్చిన గురువారం రెండింటికి, వెనక గది తలుపు బార్లా తెరిచి "అమ్మాయ్, రా" అన్నారు గడువుగారు. బల్ల మీద ఆ కలిపేసిన సీసా, దాని మీద ఎర్ర కాగితం, పక్కన పుస్తకంలో తెల్లటి కొత్త పేజీ.

"ఇలాంటిది నా దగ్గర లేదు. అటు పాతదీ కాదు, ఇటు కొత్తదీ కాదు. ఎన్నాళ్లు బతుకుతుందో కంపెనీవాడికీ తెలీదు, వాడు కలపడు కాబట్టి."

"నాలాంటి పని ఇంకెవరు చేస్తారు సార్?"

"చేస్తారు. ప్రతివాళ్లూ అలాగే అనుకుంటారు. కంట్రోల్ పెట్టు. అంకె నువ్వే రాయి."

ఆ సీసా మొండిది. వారాలు నెలలయ్యాయి. సూదన్న కూడా గురువారాలు తొంగిచూసి, "ఉందా, పోయిందా?" అని పరామర్శించి వెళ్లేవాడు. ఇరవై ఒకటో గురువారం అంకె పక్కకి జారింది. మళ్లీ నడిపింది, మళ్లీ జారింది. పొదుపమ్మ ఆ వరస కింద గీత గీసి, 'ఇరవై వారాలు బాగుంది' అని రాసింది. ఆ తర్వాత ఆయన చెప్పకుండానే కింద ఇంకో మూడు ముక్కలు రాసింది.

'ఈ పేజీ వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి: ముందు కాసిని మంచినీళ్లు తాగండి. తర్వాత పెద్దవాళ్లకి చెప్పండి. ఆ తర్వాత నమూనాలన్నీ మళ్లీ చెయ్యండి.'

గడువుగారు కళ్లద్దాలు దించి చదివారు. నుదురు ముడిపడింది. "వరస తప్పింది. ముందు చెప్పాలి. నీళ్లు తర్వాత."

"గొంతు తడారిపోతే మాటెలా వస్తుంది సార్?"

ఆయన పెన్ను తీశారు. కొట్టెయ్యబోయారు. చివరికి 'మంచినీళ్లు' అన్న మాట పక్కన చిన్న అక్షరాలతో 'ఒక్క గ్లాసు' అని చేర్చి, పొట్టి సంతకం పెట్టారు. తేదీ కూడా వేశారు.